మూడో పిలుపు దాకా కదలని మనిషి

సాధారణంగా ఒక మనిషి పోయిన కబురు ఫోనులోనో, ఊరి మైకులోనో, పరుగెత్తుకొచ్చిన చుట్టం నోటనో మనకు చేరుతుంది. దేవదానం సార్ ఇక లేరన్న వార్తను నాకు ఎవరూ చేరవేయలేదు. ఆయన ఆఖరి శ్వాస విడిచిన వేళ ఆయనకు ఇరవై అడుగుల పైన నా డ్రోన్ నిలిచి ఉంది. దాని కెమెరా ఆయన్ని చూస్తోంది. మక్కజొన్న చేను గట్టు మీద నిలబడి, చేతిలోని తెర మీద నేనూ ఆయన్నే చూస్తున్నాను. చూస్తూ, "సార్ ఇయ్యాల ఎంత మంచిగ పండుకున్నడో చూడు" అని పక్కనున్న బాలమ్మతో మెచ్చుకోలుగా అన్నాను. మృత్యువును కళ్లెదుట పెట్టుకుని దాన్ని పొగిడిన మూర్ఖురాలు ఈ మూడు జిల్లాల్లో నేను తప్ప మరొకరు ఉండరు.

ఆయన మీద నాలుగు మాటలు రాయమని మిత్రులు అడిగి చాలా రోజులైంది. గుణగణాలు వర్ణించి చేతులు కడుక్కోవచ్చు. కానీ నిజం రాయాలంటే ఆ నడిపొద్దు సంగతి రాయాలి. ఆనాడు నేను తీసిన బొమ్మలు మూడు వందలకు పైగా నా దగ్గరే ఉన్నాయి. వాటిలో ఆయన ఏ బొమ్మ దాకా బతికి ఉన్నారో నాకు అప్పుడు తెలియలేదు. వాటిని చెరిపేయాలా, ఆయన కట్టిన యంత్రానికి పాఠంగా ఇవ్వాలా అన్నది తేలేదాకా కలం కదలలేదు. ఇప్పుడు తేలింది. తేల్చింది నేను కాదు.

దేవదానం సార్‌ది గద్వాల దగ్గర కూలి కుటుంబం. తల్లిదండ్రులు ఏటా మేస్త్రీ వెంట మట్టిపనికి దూరదేశాలు పోయినవారే. ఆయన ఐటీఐ చదివి, వనపర్తిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. చివరి ఏడాది ప్రాజెక్టు ముగియగానే విద్యార్థులు పారేసే చిన్న చిన్న బోర్డులను, కెమెరాలను ఏరుకొచ్చి దాచుకునేవారు. "పిలగాండ్లు మార్కులు తీస్కోని పోతరు, విద్యను డబ్బల పడేసి పోతరు" అనేవారు. ఆ డబ్బాలోంచే ఆయన విద్య నేర్చారు. ఉద్యోగం మానేశాక గద్వాలలో మోటారు స్టార్టర్లు బాగుచేసే దుకాణం పెట్టి, వెనుక గదిలో డ్రోన్లకు కళ్లు తయారుచేయసాగారు.

'కన్ను' అన్నది ఆయన పెట్టిన పేరే. అగ్గిపెట్టెలో పట్టేంత బోర్డు, దానికి గోరంత కెమెరా. పంటకు మందు కొట్టే డ్రోన్ కడుపు కింద అది కూర్చుంటుంది. ఎగురుతూనే కింద ఉన్నది పంటా, ఖాళీ నేలా, మనిషా అని తేల్చుకుని, మనిషి కనబడితే మందు చిమ్మే నాజిళ్లు మూసి డ్రోన్‌ను ఉన్నచోటే నిలబెట్టేస్తుంది. ఇంతటి పనికి పెద్ద కంప్యూటర్ కావాలని, ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కు బొమ్మలు పంపి జవాబు తెప్పించుకోవాలని చెప్పినవారితో ఆయన వాదించేవారు. "నల్లమల అంచుకు పోతె ఫోనుకే సిగ్నల్ దొరకదు. జవాబు వచ్చేలోపు మనిషి తడిసిపోతడు. కన్ను ఎవని మొహంలది వానికే ఉండాలె" అనేవారు. బరువు విషయంలో ఆయన పిసినారితనం లోకప్రసిద్ధం. గద్వాల కంసాలి దగ్గర పాత త్రాసు తెచ్చుకుని, బోర్డుకు వేసే ప్రతి మరమేకునూ బంగారంలా తూచేవారు. నేను ఒకసారి అందంగా ఉంటుందని కన్నుకు చిన్న మూత తొడిగితే, దాన్ని ఊడదీసి త్రాసులో వేసి, "తులమున్నర. గింత సింగారానికి డ్రోను ఎంత సేపు తక్కువ ఎగురుతదో ఎరుకనా బిడ్డా?" అని అడిగారు. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకున్నందుకు టీ తాగించారు.

నా పేరు మంజుల, మాది తిమ్మాజిపేట మండలం. మహిళా సంఘం తరఫున డ్రోన్ నడపడం నేర్చుకుని, చేలకు మందు కొడుతూ బతుకుతున్నదాన్ని. ఆయన నాకు చదువు చెప్పిన గురువు కాదు గాని, చూడడం నేర్పిన గురువు.

ఆయన ఈ కన్ను వెంట ఎందుకు పడ్డారో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు బయటికి అనరు. ఆయన మొదట్లో తానే ఒక డ్రోన్ కొని చేలకు మందు కొట్టేవారు. ఒకనాడు గద్వాల దగ్గర, విత్తనాల కోసం వేసిన సీడు పత్తి చేనుకు వెళ్లారు. పొద్దున గాలి ఎక్కువగా ఉండి ఆలస్యమైంది, పన్నెండు దాటింది. పత్తి మనిషిని మించి పెరిగి ఉంది. కూలీలంతా అన్నాలకు వెళ్లారని రైతు చెప్పినా, సార్ గట్టు మీద నిలబడి "చేన్ల ఎవరన్న ఉన్నరా?" అని రెండుసార్లు కేకేశారు. ఎవరూ పలకలేదు. డ్రోన్ లేపారు.

లోపల కూలి బాలమ్మ ఉంది. పూలకు క్రాసింగ్ చేస్తూ, అంటే ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు రుద్దుతూ, ఒక సాలు మిగిలిపోతే ముగించి వస్తానని ఉండిపోయింది. సార్ పిలుపు ఆమెకు స్పష్టంగా వినబడింది. అయినా పలకలేదు. మా వైపు పల్లెల్లో పట్టపగలు నడినెత్తిన పొద్దున్నప్పుడు, మనిషి కనబడకుండా పిలుపు మాత్రమే వినబడితే ఎవరూ పలకరు. ఒకసారి పిలిస్తే గాలి, రెండుసార్లు పిలిస్తే ధూళి, మూడోసారి పిలిస్తేనే మనిషి అని పెద్దలు చెప్పిన మాట. గాలికి మూడోసారి పిలిచే శక్తి ఉండదట. బాలమ్మ నడుముకున్న కొడవలి గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి మూడో పిలుపు కోసం ఎదురుచూసింది. దాని బదులు పైనుంచి మందు పడింది.

ఆమె దవాఖానలో పడ్డ బాధ రాయను. బతికింది, కానీ ఎడమ కంటి చూపు సగం పోయింది. సార్ ఆమె అక్కడున్న వారం రోజులూ దవాఖాన వరండాలోనే ఉన్నారు. రైతూ, చుట్టాలూ "నువ్వు పిలిచినవ్ గద సారూ, ఆమెనే పలకలే" అని ఓదార్చారు. ఆ ఓదార్పే ఆయనకు గిట్టలేదు. "పలకనోళ్లు మనుషులు కారా?" అని తిరిగి అడిగారు. ఆ తర్వాత ఆయన డ్రోన్ రిమోట్ పట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

కన్నుకు మనిషిని గుర్తుపట్టడం నేర్పాలంటే వేల బొమ్మలు చూపించాలి. దొరికే బొమ్మలన్నీ రోడ్ల మీద నిటారుగా నడిచే పట్నపు మనుషులవి. మన చేలల్లో మనిషి నిటారుగా ఎప్పుడుంటాడు? వంగి ఉంటాడు, కూర్చుని ఉంటాడు, ఆకుల కింద సగం దాగి ఉంటాడు, అలసిపోయి సాళ్ల మధ్య పడుకుని ఉంటాడు. అటువంటి బొమ్మలు లోకంలో లేవు కనుక తామే తయారుచేయాలని నిశ్చయించారు. పనికి తొలుత వచ్చింది ఎవరో కాదు, బాలమ్మే. "నన్ను చూడకుంటనే గదా గిట్లయ్యింది, ఇగ చూడనియ్యి" అని ఆమె వచ్చి పత్తిలో కూర్చున్న తీరు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. రెండు వానాకాలాలు ఆమే, సారే వంతులవారీగా చేలల్లో పడుకున్నారు. నేను పైనుంచి బొమ్మలు తీశాను.

అప్పుడు సార్ ఒక కట్టడి పెట్టారు. డ్రోన్ నడిపేవాళ్లు నిజంగా మందు కొట్టే రోజున పిలిచినట్టే పిలవాలి. మొదటి పిలుపుకు పడుకున్నవాళ్లు పలకకూడదు, కదలకూడదు. రెండో పిలుపుకూ అంతే. బ్యాటరీ అయిపోవచ్చాక మూడోసారి పిలిస్తేనే లేవాలి. నవ్వులాటగా కనబడుతుంది గాని, ఆయన ఆ కట్టడిని ప్రార్థనలా పాటించారు. ఒకసారి చీమలు కుట్టి మెడంతా దద్దుర్లు తేలినా మూడో పిలుపు దాకా వేలు కదపలేదు. "సారూ, గా చీమలకన్న చెప్పరాదా మూడుసార్లు పిలువుమని" అని బాలమ్మ వేళాకోళం చేసింది.

ఈ పడుకోవడం వల్ల ఆయనకు మా వైపు వింత కీర్తి వచ్చింది. ఒక మధ్యాహ్నం మా ఊరి మక్క చేనులో ఆయన కళ్లు తెరిచి వెల్లకిలా పడుకుని ఉండగా, మేకను వెతుక్కుంటూ వచ్చిన ఒక కాపరి చూశాడు. పిలిచాడు. కట్టడి ప్రకారం సార్ పలకలేదు. కాపరి చెప్పులు వదిలేసి ఊళ్లోకి పరుగెత్తి పదిమందిని తెచ్చాడు. వాళ్లు చేతులు కట్టుకుని చుట్టూ నిలబడి, పోలీసులకు చెప్పాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే, శవం పెదవులు మాత్రం కదిలించి "జర నీడ పడకుండ దూరం జరుగుండ్రి. ఇంకో ఐదు నిమిషాలున్నది" అంది. ఒకాయన అక్కడే కూలబడ్డాడు. ఆ నాటి నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఆయన పేరు 'చేన్ల పండుకునే సారు'. ఆ కథ చెప్పుకుని మేం ఎన్నిసార్లు నవ్వామో! ఇప్పుడు ఎవరైనా ఆ కథ ఎత్తితే నేను లేచి వెళ్లిపోతున్నాను.

పెబ్బేరు సంతకు కూడా నన్ను లాక్కుపోయారు. పశువుల గుంపులో మనిషిని కన్ను ఎట్లా పోల్చుకుంటుందో చూడాలట. అక్కడ దళారులు రుమాలు కింద చేతులు కలిపి వేళ్లతో బేరమాడుతుంటే, కన్ను ఇద్దరినీ కలిపి ఒకే మనిషి అని చెప్పింది. నేను తప్పు అని రాయబోతే సార్ ఆపి, "బేరం తెగేదాంక వాళ్లు ఒక్కటే, నిజమే చెప్పింది" అని నవ్వారు. కానీ గద్వాలకు తిరిగొచ్చాక రాత్రింబగళ్లు కూర్చుని ఆ తప్పు దిద్దారు. పైకి నవ్వేవారే గాని ఒక్క మనిషి లెక్క తప్పినా ఆయనకు నిద్ర పట్టేది కాదు.

కన్నుకు ఇంకొక గుణం కూడా వచ్చింది. మనిషి లేని చోట కూడా అది అప్పుడప్పుడు ఆగేది. ఆగిన ప్రతిచోటికీ సార్ నడిచి వెళ్లి చూసేవారు. చాలాసార్లు అక్కడ ఆరేసిన పంచె, బెదురుబొమ్మ, నీళ్ల క్యాను ఉండేవి. కొన్నిచోట్ల ఏమీ ఉండేది కాదు. అటువంటి చోట ఆయన చాలాసేపు నిలబడి, నేలను, ఆకులను చూసి, చెప్పులు విడిచి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవారు. దెయ్యాలను నమ్మే మనిషి కాదు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి. "ఎందుకు ఆగిందో దానికి ఎరుకనే ఉంటది, మనకే తెల్వదు" అనేవారు.

రాయచూరు దారిలో తిమ్మక్క అనే రైతు చేను సంగతి చెప్పాలి. ఆమె వేరుశనగ చేనులో కన్ను ఒకే చోట మూడుసార్లు ఆగింది. డ్రోన్‌ను వెనక్కి తీసుకుని మరో వైపు నుంచి పంపాను, అక్కడే ఆగింది. తెర మీద పచ్చని చేను తప్ప నాకు మనిషెవరూ కనబడలేదు. సార్ లోపలికి వెళ్లి చూస్తే అక్కడ మనిషి పొడవున, మనిషి వెడల్పున నేల విత్తకుండా వదిలి ఉంది. కన్ను దాన్ని పడుకున్న మనిషి అనుకుంది. నేను ఊపిరి పీల్చుకుని నవ్వాను. సార్ నవ్వలేదు. మెల్లగా ఆ ఖాళీలో వెల్లకిలా పడుకున్నారు. తల నుంచి మడమ దాకా కొలిచి కుట్టిన చొక్కాలా ఆయనకు అది సరిపోయింది. గట్టు మీదున్న తిమ్మక్క గుండెలు బాదుకుంటూ వచ్చింది. "లే సారూ! గా జాగల పండుకోకు. మా యజమానరు ఆడనే పోయిండు. కలుపు తీస్తుంటె పురుగు ముట్టింది. ఆయన ఒరిగిన జాగ నేను విత్తను" అంది. భర్తను పాము కరిచి ఏళ్లు గడిచినా, ఏటా విత్తనాలు పోసేటప్పుడు ఆమె అంత మేర చేత్తో కొలిచి వదిలేస్తుందట. సార్ లేచి, మట్టి దులుపుకుని, ఆమెకు దండం పెట్టారు.

తిరిగొచ్చేటప్పుడు దాన్ని కన్ను చేసిన పొరపాటుగా రాయమంటారా అని అడిగాను. "తప్పెట్లయితది బిడ్డా? ఆమె ఆడ మనిషి ఉన్నడనే విడిచిపెట్టింది. కన్నూ మనిషి ఉన్నడనే ఆగింది" అన్నారు. 

ఆయనతో అందరూ ఏకీభవించలేదు. పెబ్బేరులో డ్రోన్లు కిరాయికి నడిపే రాజన్న మా కన్ను కొన్నవారిలో పెద్ద ఆసామి. కన్ను తాను చూసిన ప్రతిదానికీ ఇది మనిషే అని ఎంత నమ్మకమో నూటికి ఇంత అని చెబుతుంది. సార్ నూటికి ముప్పై అనిపించినా ఆగేటట్టు పెట్టారు. రాజన్న దాన్ని డెబ్బైకి పెంచమని ఏడాదిగా పోరాడుతున్నాడు. "సారూ, పంచె ఆరేస్తె ఆగుతది, రాయికి బొట్టు పెడితె ఆగుతది. రైతులు నన్ను తిడ్తున్నరు. కదిలేటోళ్లను చూస్తె సాలదా? సప్పుడు లేకుండ పండుకునేటోడు ఊరికొక్కడుంటడా?" అనేవాడు. రాజన్న చెడ్డవాడు కాదు, పనివాడు. సార్ మాత్రం "ఆ ఒక్కడి కోసమే గద నేను చేసింది" అని మాట తెంపేసేవారు.

ఆ వాదన తెంచడానికే ఆఖరి రోజు తిమ్మాజిపేట వచ్చారు. నడిపొద్దు ఎండలో నీడ కాళ్ల కిందికి చేరి మనిషీ మట్టీ ఒకే రంగుకు వస్తాయి. ఎత్తు మక్కలో, ఆకుల మాటున, అటువంటి వేళ కదలకుండా పడుకున్న మనిషి బొమ్మలు మా దగ్గర తక్కువ. అవి చేర్చి, నమ్మకం డెబ్బై పెట్టినా కన్ను ఆగేటట్టు చేసి రాజన్న నోరు మూయిస్తానన్నారు. ఛాతీలో కొంచెం పట్టినట్టుందని పొద్దున సువార్తమ్మతో, అంటే ఆయన భార్యతో అన్నారట. మాతో అనలేదు. బాలమ్మ తాను పడుకుంటానంటే, "నీకు నిన్ననే జ్వరం ఇడిసింది, గట్టు మీద కూసో" అని కసిరి, చొక్కా గుండీలు సర్దుకుని సాళ్లలోకి వెళ్లారు.

డ్రోన్ లేపి మొదటిసారి పిలిచాను. "చేన్ల ఎవరన్న ఉన్నరా?" ఆయన పలకలేదు. పలకకూడదు కదా. ఎత్తు మార్చి, పక్కకు జరిపి బొమ్మలు తీశాను. కొంతసేపటికి రెండోసారి పిలిచాను. గాలి లేదు. మక్క ఆకు ఒక్కటి కూడా అల్లాడడం లేదు. ఎక్కడా పిట్ట కూత కూడా లేదని బాలమ్మ అంది. ట్యాంకు లేని డ్రోన్ కావడంతో బ్యాటరీ చాలాసేపు వచ్చింది. ఆ సేపంతా తెర మీద సార్ నిశ్చలంగా ఉన్నారు. అప్పుడే నేను ఆయన్ని మెచ్చుకున్నది. బ్యాటరీ గంట మోగాక మూడోసారి పిలిచాను. లేవలేదు. నవ్వుతూ ఇంకోసారి పిలిచాను. నాలుగో పిలుపు అన్నది మా కట్టడిలో లేదు. బాలమ్మే ముందు చేనులోకి దూకింది.

దవాఖానలో గుండె ఆగిందన్నారు. ఎప్పుడు ఆగిందో వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

చర్చివాళ్ల ఆదరణ కూడిక ముగిసిన తర్వాత దుకాణం వెనుక గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఆ బొమ్మలు తెరిచాను. సీజను ముంచుకొస్తోంది, డెబ్బై పెట్టి ఇమ్మని రాజన్న నాలుగుసార్లు ఫోన్ చేశాడు. పెడితే ఏమవుతుందో ఆ బొమ్మల మీదే చూద్దామనిపించింది. డెబ్బై పెట్టి వరుసగా నడిపించాను. మొదట్లో ప్రతి బొమ్మలోనూ కన్ను సార్ చుట్టూ గడి గీసి మనిషి అని చెప్పింది. ఒక బొమ్మ దగ్గర గడి మాయమైంది. తర్వాతి దానిలోనూ లేదు. ఆ తర్వాత ఒక్కదానిలోనూ లేదు. ఆయన అక్కడే ఉన్నారు, అదే చొక్కా, అవే ఆకులు. కన్ను మాత్రం అక్కడ ఎవరూ లేరంటోంది. కంప్యూటర్ ఆపేసి, తలుపు కూడా వేయకుండా బయటపడ్డాను. ఆ బొమ్మలు చెరిపేద్దామని ఆ రోజే అనుకున్నాను. చెరిపేస్తే రాజన్న అడిగింది ఇచ్చినట్టే, సార్ ఏ మనిషి కోసం పడుకున్నారో ఆ మనిషిని వదిలేసినట్టే. ఉంచితే, నేను చూస్తూ ఉండగా ఆయన పోయిన సంగతి సువార్తమ్మకు చెప్పాలి. ఎటూ చేయలేక నెలన్నర తిరిగాను.

చివరికి సువార్తమ్మే వచ్చింది. బాలమ్మ చెప్పిందట. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, "తియ్యి బిడ్డా, చూస్త" అంది. వద్దమ్మా అన్నాను. "నువ్వు చూసినవ్, మిషిను చూసింది, నేను చూడొద్దా?" అంది. గడులు లేకుండా, ఒట్టి బొమ్మలే పెట్టాను. ఆమె ఒక్కొక్కటే చూసింది. తొందర లేదు, కన్నీరు లేదు. పెళ్లి ఫోటోలు చూసేవాళ్లు చూసినట్టే చూసింది. ఒక బొమ్మ దగ్గర ఆమె వేలు తెరను తాకి ఆగింది.

"ఇగో. ఈడ పోయిండు."

కన్ను గడి చెరిపేసిన బొమ్మ అదే. నేను అడగకముందే ఆమే చెప్పింది. "కుడి చెయ్యి రొమ్ము మీద పెట్టుకోకుంటె ఆయనకు నిద్ర రాదు. ఈడ చెయ్యి జారి ఆకులల్ల పడ్డది. ముప్పై ఏండ్లు పక్కల పండుకున్న, నాకు తెల్వదా?" నిజమే, ముందు బొమ్మలో చెయ్యి ఛాతీ మీద ఉంది, ఇందులో లేదు. చెయ్యి ఆకుల్లో కలిసిపోవడంతో కన్నుకు మనిషి ఆకారం సందేహమై ఉంటుంది. ఆ కారణం నేను ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు మాత్రం భార్య, యంత్రం ఒకరికొకరు తెలియకుండా ఒకే క్షణాన్ని వేలెత్తి చూపారన్నదే నన్ను పట్టి కుదిపింది.

బొమ్మ మీద సమయం చూశాను. నా మొదటి పిలుపుకు, రెండో పిలుపుకు నడుమ. అంటే మొదటిసారి పిలిచినప్పుడు ఆయన విన్నారు. రొమ్ములో నొప్పి ఉండి ఉంటుంది. పలికితే నేను పరుగెత్తేదాన్ని. కట్టడి తప్పలేక పలకలేదో, పలకలేకపోయారో ఎన్నటికీ తెలియదు. ఆ మాట సువార్తమ్మతో అనేసి ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, "పిలిచినవ్ గద బిడ్డా. పోయేటప్పుడు మనిషి గొంతు ఇన్నడు, అది సాలు" అంది. ఓదార్చవలసినదాన్ని నేను, ఓదార్పు పొందినదాన్నీ నేనే.

తర్వాత ఆమె అడిగింది, ఈ బొమ్మల మీద ఏం పని చేస్తారని. బొమ్మలో మనిషి చుట్టూ గడి గీసి, దాని పక్కన అదేమిటో రాస్తామని, అట్లా రాసిందే కన్ను నేర్చుకుంటుందని చెప్పాను. "నాకు చూపియ్యి" అని మౌసు అందుకుంది. మొదటి బొమ్మ నుంచి మొదలుపెట్టి, భర్త చుట్టూ గడి గీస్తూ, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ 'మనిషి' అని రాసింది. చెయ్యి జారిన బొమ్మ వచ్చింది. అక్కడ ఆగి నా వైపు తిరిగి, "ఇగ ఈడికెల్లి ఏమని రాయాలె?" అని అడిగింది. ఆ సంగతి మా కట్టడిలో లేదు, ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది. అదే మాట రాసింది. తర్వాతి దానికీ అదే. మూడు రోజులు వచ్చి, ఒక్కటి కూడా వదలకుండా అదే రాసింది.

రాజన్నకు ఇదంతా చెప్పాను. "డెబ్బై మాట మళ్ల ఎత్తనక్కా" అని ఫోన్ పెట్టేశాడు. ముప్పై ముప్పైగానే ఉంది.

కూలివాళ్ల బిడ్డగా పుట్టి, పారేసిన బోర్డుల్లో విద్యను వెతుక్కుని, పలకని మనిషిని కూడా చూడగల కన్నును మన చేతుల్లో పెట్టి వెళ్లిన దేవదానం సార్ పాదాలకు ఇది నా నమస్కృతి. ఆయన చోటు భర్తీ అవుతుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఆఖరి బొమ్మ గురించి చెప్పి ముగిస్తాను. మేం పరుగెత్తినప్పుడు డ్రోన్‌ను దించే ధ్యాస లేకపోయింది. బ్యాటరీ ఉన్నంతసేపు అది పైనే నిలబడి, దిగేముందు ఇంకొక్క బొమ్మ తీసింది. అందులో సార్ పడుకుని ఉన్నారు, బాలమ్మ ఆయన భుజాలు పట్టుకుని ఊపుతోంది, నేను మోకాళ్ల మీద ఉన్నాను. డెబ్బై పెట్టినప్పుడు కన్ను ఆ బొమ్మలో ఇద్దరున్నారని చెప్పింది. సువార్తమ్మ మూడు గడులు గీసింది, ముందు ఆయనకు, తర్వాత మా ఇద్దరికీ. ఆమె రాసినదంతా నేర్పాక, అదే బొమ్మను డెబ్బై మీదే మళ్లీ చూపించాను. ముగ్గురున్నారంది. మేం ఇద్దరమే మిగిలాం.